నాస్‌లో హార్డ్ డ్రైవ్ మార్చడం ఎలా: బీప్ మోగిన దగ్గర్నుంచి రీబిల్డ్ పూర్తయ్యే దాకా

"ఎర్ర లైటు వెలిగింది, బాక్స్ ఒకటే బీప్ కొడుతోంది, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే, లోపల రెండో నాలుగో హార్డ్ డ్రైవ్‌లుండే బాక్స్. పోయిన డ్రైవ్‌లోని డేటాను మిగిలిన వాటి సాయంతో కొత్తదాంట్లో తిరిగి కట్టుకోవడమే రీబిల్డ్. "డ్రైవ్‌లు నిండిపోయాయి, పెద్దవి వేసుకోవాలి" అనేవాళ్లూ అంతే మంది ఉన్నారు. పాడైనది మార్చినా, చిన్నది తీసి పెద్దది పెట్టినా పని దాదాపు ఒకటే.

ఇందులో స్క్రూడ్రైవర్ పట్టుకునేది ఐదు నిమిషాలే. దానికి ముందు ఒక పూట సన్నాహం, తర్వాత ఒకటి రెండు రోజుల ఓపిక కావాలి. డేటా పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో స్క్రూ బిగించడం రాక పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ వరస తప్పినవాళ్లే. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

## 1. ముందు బీప్ ఆపండి

ఆ మోత మనిషిని కుదురుగా ఉండనివ్వదు. నాస్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల పేజీలోనో హార్డ్‌వేర్ పేజీలోనో బీప్ ఆపే బటన్ ఉంటుంది. అది నొక్కి కూర్చోండి. ఒక డ్రైవ్ పోయినా బాక్స్ నడుస్తోందంటే గంట రెండు గంటలు ఆలోచించుకునే వ్యవధి మీకు ఉన్నట్టే.

ఈలోగా చేయకూడనివి:

- రీస్టార్ట్ చేయకండి. కొన ఊపిరితో ఉన్న డ్రైవ్ ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.
- డ్రైవ్‌ను లాగి మళ్లీ తోసి చూడకండి.
- డ్రైవ్‌లను ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చకండి.
- ఇనిషియలైజ్, ఫార్మాట్, కొత్త పూల్ (డ్రైవ్‌లన్నీ కలిపి కట్టిన ఉమ్మడి నిల్వ) సృష్టించు అనే మాటలు తెర మీద కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి. బాక్స్ ఎంత మర్యాదగా అడిగినా సరే.

## 2. మీ డ్రైవ్‌లు ఏ పద్ధతిలో కూర్చున్నాయో చూడండి

స్టోరేజ్ పేజీ తెరిస్తే పూల్ పేరు పక్కనే రెయిడ్ రకం, అంటే డ్రైవ్‌లను ఒకటిగా కలిపిన పద్ధతి, రాసి ఉంటుంది. మీరు ఎంత ధైర్యంగా ఉండొచ్చో అదే చెబుతుంది.

- రెయిడ్ 1: రెండు డ్రైవ్‌ల్లోనూ అదే డేటా. ఒకటి పోయినా పరవాలేదు.
- రెయిడ్ 5: కనీసం 3 డ్రైవ్‌లు. ఒకటి పోవచ్చు, రెండోది పోకూడదు.
- రెయిడ్ 6: కనీసం 4 డ్రైవ్‌లు. రెండు పోయినా నిలబడుతుంది.
- రెయిడ్ 10: జతలు జతలుగా ఉంటుంది. ఒక్కో జతలో ఒకటి పోవచ్చు. ఒకే జతలో రెండూ పోతే మొత్తం పోయినట్టే.
- ఎస్‌హెచ్‌ఆర్: సైనాలజీ అనే నాస్ కంపెనీ సొంత పద్ధతి. మామూలుది ఒక డ్రైవ్ పోయినా, ఎస్‌హెచ్‌ఆర్-2 రెండు పోయినా తట్టుకుంటాయి.
- జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే బాక్సులు (ట్రూనాస్ లాంటివి): మిర్రర్ అంటే రెయిడ్ 1 లాంటిది, రెయిడ్-జెడ్1 అంటే 5 లాంటిది, జెడ్2 అంటే 6 లాంటిది.
- రెయిడ్ 0, జేబాడ్, బేసిక్: ఒక్క డ్రైవ్ పోయినా తట్టుకోలేవు. ఇక్కడ "పాతది తీసి కొత్తది పెట్టు, అదే నింపుకుంటుంది" అన్నది కుదరదు. డ్రైవ్ బతికుండగానే డేటా బయటికి తీసి, కొత్త డ్రైవ్‌తో మొదటినుంచీ కట్టుకోవాలి.

పక్కనే స్థితి కూడా ఉంటుంది. "డిగ్రేడెడ్" అంటే కుంటుతూ నడుస్తోంది, ఈ మార్గదర్శి మీకోసమే. "క్రాష్డ్" అనో "ఫెయిల్డ్" అనో ఉంటే మాత్రం తట్టుకునే హద్దు దాటిపోయింది. అప్పుడు కొత్త డ్రైవ్ పెట్టడం వల్ల లాభం లేదు. బాక్స్ ఆపేసి, ఏ డ్రైవ్ ఏ అరలో ఉందో రాసుకుని, డేటా రికవరీ తెలిసినవాళ్లను అడగండి.

## 3. నిజంగా డ్రైవే పోయిందా?

డ్రైవ్ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. నాస్‌లో ఆ డ్రైవ్ మీద నొక్కితే ఓ పెద్ద పట్టిక కనిపిస్తుంది. అన్నీ చదవక్కర్లేదు, ఈ నాలుగు వరసలు చాలు:

- 5: పాడైపోయి, పక్కన పెట్టేసిన సెక్టార్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్క.
- 197: చదవలేకపోతున్నవి, ఇంకా ఏమీ తేల్చుకోనివి.
- 198: డ్రైవ్ తనంతట తాను వెతికినప్పుడు చదవలేకపోయినవి.
- 199: డ్రైవ్‌కూ బాక్స్‌కూ మధ్య డేటా దారిలో వచ్చిన తప్పులు.

ఈ అంకెల్లో ముడి విలువ అనే చివరి నిలువు వరసే చూడండి. 5వ వరసలో 8 ఉండి ఏడాదిగా అదే 8 ఉంటే నేనైతే కంగారు పడను. పోయిన వారం 8, ఈ వారం 40 అయితే ఆ రోజే కొత్త డ్రైవ్‌కు ఆర్డర్ పెట్టేస్తాను. 197 సున్నా కాకుండా ఉండి తగ్గకపోతే అదీ మార్చాల్సినదే.

199 కథ వేరు. అది పెరుగుతోందంటే తప్పు తరచుగా డ్రైవ్‌ది కాదు, ట్రే సరిగా కూర్చోకపోవడమో, కనెక్టర్‌లో దుమ్మో, కేబుల్ వదులో అయి ఉంటుంది. బాక్స్‌ను పద్ధతిగా ఆపి, ట్రే తీసి, కనెక్టర్ శుభ్రం చేసి, అదే అరలో గట్టిగా కూర్చోబెట్టండి. ఈ అంకె వెనక్కి తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి. మంచి డ్రైవ్ తీసి పారేసి, కొత్తదానికీ అదే ఎర్ర లైటు వస్తే అప్పుడు తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పూల్ ఇంకా ఆరోగ్యంగా ఉంటే అనుమానం ఉన్న డ్రైవ్ మీద స్మార్ట్ పొడవు పరీక్ష నడపండి. ఇప్పటికే డిగ్రేడెడ్ అయితే మిగిలిన వాటిని అదనంగా అలసట పెట్టకండి. బ్యాకప్ పని చూడండి.

## 4. బ్యాకప్: "రెయిడ్ ఉందిగా" అనకండి

రీబిల్డ్ అంటే మిగిలిన డ్రైవ్‌లన్నింటినీ మొదటినుంచి చివరిదాకా చదివించడం. ఏళ్ల తరబడి ఎవరూ తాకని మూలల్ని కూడా ఆ రోజు చదవాలి. ఒకే రోజు కొని, ఒకే వేడిలో, అన్నే గంటలు తిరిగిన డ్రైవ్‌లు అవి. రెండోది సరిగ్గా అప్పుడే మొరాయించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంటి తరగతి డ్రైవ్‌లలో చాలావాటికి తయారీదారులు రాసే హద్దు ఇది: 10 టు ద పవర్ 14 బిట్లు చదివితే ఒక్కటికి మించి చదవలేని తప్పు రాదు. అంటే సుమారు 12.5 టీబీ. నిజానికి డ్రైవ్‌లు దీనికంటే బాగానే పనిచేస్తాయి గానీ, 8 టీబీ డ్రైవ్‌లు నాలుగున్న రెయిడ్ 5లో ఒక రీబిల్డ్‌కు 24 టీబీ చదవాలని గుర్తుపెట్టుకోండి.

బ్యాకప్ ఇలా:

1. అన్నీ తీసే చోటు లేకపోతే మళ్లీ తెచ్చుకోలేనివి ముందు తీయండి: ఫొటోలు, ఇంటి వీడియోలు, పత్రాలు. సినిమాలు ఆఖరున.
2. యూఎస్‌బీ డ్రైవ్‌కో ఇంకో కంప్యూటర్‌కో కాపీ చేయండి. అదే నాస్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి చేసింది బ్యాకప్ కాదు.
3. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు అక్కడినుంచే తెరిచి చూడండి. ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో, ఒక పత్రం.
4. నాస్ సెట్టింగుల ఫైల్‌ను ఎగుమతి చేసి పెట్టుకోండి.
5. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లుంటే వాటి కీ ఫైల్ నాస్ బయట ఉందో లేదో చూసుకోండి.

డ్రైవ్ పోలేదు, స్థలం కోసమే మారుస్తున్నారనుకోండి. అప్పుడు బ్యాకప్ తర్వాత ఒకసారి డేటా స్క్రబ్బింగ్ నడపండి, అంటే డ్రైవ్‌లన్నింటినీ చదివించి తప్పులు వెతికించడం. ఎక్కడైనా చదవలేని సెక్టార్ ఉంటే, దాన్ని సరిచేయడానికి అన్ని డ్రైవ్‌లూ ఉన్నప్పుడే బయటపడుతుంది. ఒక డ్రైవ్ తీసేశాక బయటపడితే సరిచేసే ఆధారం ఉండకపోవచ్చు.

## 5. కొత్త డ్రైవ్ ఎంచుకోవడం

సైజు. పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఒక్క మెగాబైట్ తగ్గినా బాక్స్ ఒప్పుకోకపోవచ్చు. 4 టీబీ డ్రైవ్ తెర మీద 3.63 అని కనిపిస్తే మోసపోయామనుకోకండి. తయారీదారు వెయ్యితో లెక్క కడతాడు, బాక్స్ 1024తో కడుతుంది.

సీఎంఆర్ కావాలి, ఎస్‌ఎంఆర్ వద్దు. ఇవి డ్రైవ్‌లో డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటిపెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత పరుచుకుని ఉంటాయి. ఒకచోట రాయాలంటే పక్కవాటిని కూడా తిరిగి రాయాలి. మామూలు వాడకంలో పెద్దగా తెలియదు. రీబిల్డ్‌లో ఆగకుండా రాస్తూ పోవాల్సి వచ్చినప్పుడు ప్రాణం తీస్తుంది, కొన్నిసార్లు బాక్స్ విసిగి ఆ డ్రైవ్‌నే బయటికి నెట్టేస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత కంపెనీ సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అని వేరుచేసింది. రెడ్ ప్రో కూడా సీఎంఆరే. ఉత్త రెడ్ అని ఉన్నదాన్ని జాగ్రత్తగా చూడండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ శ్రేణి సీఎంఆరే. అదే కంపెనీ డెస్క్‌టాప్ శ్రేణి బారాకుడాలో ఎస్‌ఎంఆర్ మోడళ్లున్నాయి. పెట్టె మీద పేరు చూసి కాదు, పూర్తి మోడల్ నంబరు తయారీదారు జాబితాలో వెతికి కొనండి.

నాస్ డ్రైవే ఎందుకు? డెస్క్‌టాప్ డ్రైవ్‌కు ఒక సెక్టార్ చదవడం రాకపోతే నిమిషానికి పైగా అదే పనిగా ప్రయత్నిస్తూ ఉండిపోగలదు. నాస్ డ్రైవ్ సాధారణంగా 7 సెకన్లలో "నావల్ల కాలేదు" అని చెప్పేస్తుంది, మిగతా డ్రైవ్‌ల సాయంతో రెయిడ్ ఆ ముక్కను తిరిగి కట్టుకుంటుంది. బదులివ్వని డ్రైవ్‌ను మాత్రం బాక్స్ చచ్చిపోయినట్టే లెక్క వేసుకోవచ్చు.

మిగిలినవి.

☐ సాటా డ్రైవేనా? (సాటా, శాస్ అనేవి డ్రైవ్ బాక్స్‌కు కలిసే కనెక్టర్ రకాలు.) తక్కువకు దొరికే సర్వర్ డ్రైవ్‌లలో చాలావి శాస్, అవి మామూలు ఇంటి నాస్‌కు పనికిరావు.
☐ మీ నాస్ మోడల్ ఆ సైజును గుర్తిస్తుందా? తయారీదారు జాబితా చూడండి.
☐ పాత 32-బిట్ మోడళ్లలో ఒక వాల్యూమ్ (పూల్ మీద కట్టే, ఫైళ్లు ఉండే భాగం) 16 టీబీ దాటదు. డ్రైవ్‌లు ఎంత పెద్దవి వేసినా అంతే.
☐ ఒకేసారి నాలుగు కొంటుంటే రెండు చోట్ల కొనండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే నాలుగూ ఒకేసారి తగులుకోకుండా ఉంటుంది.

## 6. కొత్తదే కదా అని నమ్మేయకండి

అట్టపెట్టె నలిగి ఉందా, లోపల డ్రైవ్ అటూ ఇటూ దొర్లిందా చూడండి. సీరియల్ నంబరును తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూడండి. స్మార్ట్‌లో 9వ వరస, అంటే నడిచిన గంటలు, కొత్తదానిలో సున్నాకు దగ్గరగా ఉండాలి. వేలల్లో ఉంటే అది కొత్తది కాదు.

తీరిగ్గా మారుస్తున్నవాళ్లు కొత్త డ్రైవ్‌ను యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, కంప్యూటర్ నుంచి స్మార్ట్ పొడవు పరీక్ష నడపండి. 8 టీబీ డ్రైవ్‌కు అర రోజు పైనే పడుతుంది. కొన్ని డాకులు స్మార్ట్‌ను అందనివ్వవు, అప్పుడు నాస్‌లో ఖాళీ అర ఉంటే దాన్లోనే పరీక్షించండి.

పూల్ డిగ్రేడెడ్‌గా ఉంటే? రెండు నిమిషాల చిన్న పరీక్ష చేసి పెట్టేయమంటాను నేను. ఇల్లు కారుతుంటే కొత్త పెంకును పగలు రాత్రీ పరీక్షిస్తూ కూర్చోలేం.

## 7. పాడైనది ఏదో తేల్చుకోవడం

అన్నింట్లోకీ ఇక్కడే నెమ్మదిగా ఉండాలి. ఒక డ్రైవ్ పోయిన రెయిడ్ 5లోంచి పొరపాటున మంచి డ్రైవ్ పీకితే పూల్ మొత్తం కూలుతుంది.

నేనే పీకాను. నాలుగు అరల బాక్స్, తెర మీద "డిస్క్ 2" పాడైందని ఉంది. ఎడమనుంచి రెండోది లాగేశాను. ట్రే సగం బయటికి వచ్చేసరికి ఫ్యాన్ శబ్దం మారింది, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ఫోల్డర్ ఖాళీ అయింది. ఆ సాఫ్ట్‌వేర్ 0 నుంచి లెక్కపెడుతుందని, దాని రెండోది నా మూడోదని అప్పుడు తెలిసింది. బాక్స్ ఆపి, ఆ ట్రే అదే అరలో పెట్టి, పూల్‌ను బలవంతంగా కలిపి, తెల్లారేదాకా ఫైల్ సిస్టమ్ తనిఖీ చేయించాను. అప్పుడు కాపీ అవుతున్న ఒక్క ఫైల్ తప్ప మిగతావి దక్కాయి. అప్పటినుంచి అర నంబరును నమ్మడం మానేశాను.

సీరియల్ నంబరునే నమ్మండి:

1. తెర మీద పాడైన డ్రైవ్ సీరియల్ నంబరు చూసి, చివరి నాలుగు అక్షరాలు కాగితం మీద రాసుకోండి.
2. మంచి డ్రైవ్‌ల చివరి నాలుగూ రాసుకోండి. పాడైన డ్రైవ్ పూర్తిగా మూగబోతే దాని నంబరు తెర మీద కనిపించదు, ఏరివేతతోనే తెలుస్తుంది.
3. లైటు వెలిగించి చూపించే సదుపాయం ఉంటే వాడండి. డ్రైవ్‌ను వెతుకు అనే అర్థంలో ఒక బటన్ ఉంటుంది, నొక్కితే ఆ అర లైటు మిణుకుతుంది.
4. బాక్స్ ముందుభాగాన్ని ఫొటో తీసుకోండి.
5. డ్రైవ్ బయటికి తీశాక, కొత్తది పెట్టే ముందు, లేబుల్ మీద నంబరు కాగితంతో సరిపోల్చండి.

కొత్తగా సర్దుకునేవాళ్లకు ఒక మాట: ప్రతి ట్రే ముందు భాగంలో ఆ డ్రైవ్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసిన చిన్న చీటీ అంటించండి. గాలి రంధ్రాలు మూయకుండా.

## 8. తీయడం, పెట్టడం

ముందు ఒక ప్రశ్న: మీ బాక్స్ నడుస్తుండగా డ్రైవ్ తీయొచ్చా? ముందునుంచి లాగే ట్రేలున్న బాక్సులు చాలావరకు ఒప్పుకుంటాయి. మూత విప్పితే గానీ డ్రైవ్ కనిపించని చిన్న రెండు అరల బాక్సులను మాత్రం ఆపే మార్చాలి. అనుమానముంటే ఆపేయండి.

1. డ్రైవ్ ఇంకా కొంత పనిచేస్తుంటే సెట్టింగుల్లో ముందు దాన్ని నిలిపివేయండి. సైనాలజీలో స్టోరేజ్ మేనేజర్‌లో డ్రైవ్‌ను ఎంచుకుంటే డీయాక్టివేట్ ఉంటుంది, ట్రూనాస్‌లో ఆఫ్‌లైన్.
2. ఒంట్లో స్థిర విద్యుత్తు పోయేలా బాక్స్ లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకోండి.
3. ట్రే గొళ్లెం తీసి, రెండు అంగుళాలు మాత్రం లాగి ఆగండి. లోపల పళ్లేలు ఇంకా తిరుగుతుంటాయి. చేతిలో పట్టుకుని వంచితే బొంగరంలా ఎదురు తిరిగినట్టు తెలుస్తుంది కూడా. ఒక నిమిషం ఆగి పూర్తిగా తీయండి.
4. నంబరు సరిపోల్చండి.
5. పాతది విప్పి కొత్తది ట్రేలో బిగించండి. అంచులు పట్టుకోండి, కింద పచ్చ బోర్డు తాకకండి, పైమూత మీద నొక్కకండి.
6. ట్రేను ఒకే ఒత్తిడితో లోపలికి తోయండి. కనెక్టర్‌లో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే గొళ్లెం వేయండి. గొళ్లేన్ని మీటలా వాడి డ్రైవ్‌ను నెట్టకండి.

స్క్రూల సంగతి: 3.5 అంగుళాల డ్రైవ్‌కు లావు మరల స్క్రూలు, 2.5 అంగుళాల వాటికి సన్న మరలవి. ఒకదానికొకటి మార్చి బిగిస్తే గాడి పాడవుతుంది. ఇంకోటి, పెద్ద సైజు డ్రైవ్‌లలో కొన్నింటికి పక్కల మధ్య రంధ్రం ఉండదు. ట్రేలో మిగిలిన రంధ్రాలు వెతుక్కోవాలి, లోపం అనుకుని వాపసు పంపకండి.

ఖాళీ అర ఉన్నవాళ్లు అదృష్టవంతులు. డ్రైవ్ ఇంకా బతికుంటే దాన్ని తీయకుండానే కొత్తదాన్ని ఖాళీ అరలో పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో "రీప్లేస్" ఇవ్వండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనూ, సైనాలజీ డీఎస్‌ఎం 7లోనూ ఈ వీలుంది. కాపీ అయ్యేంతవరకు పాతది కూడా పనిలో ఉంటుంది కాబట్టి పూల్ ఒక్క క్షణం కూడా బలహీనపడదు.

## 9. రీబిల్డ్

- సైనాలజీ: స్టోరేజ్ మేనేజర్‌లో ఆ పూల్ దగ్గర "రిపేర్" నొక్కి కొత్త డ్రైవ్‌ను ఎంచుకోవాలి. చాలామంది డ్రైవ్ పెట్టి, దానంతట అదే మొదలవుతుందనుకుని వారం రోజులు డిగ్రేడెడ్‌గానే నడుపుతారు.
- క్యూనాప్: అదే అరలో పెడితే మామూలుగా దానంతట అదే మొదలవుతుంది. స్టోరేజ్ అండ్ స్నాప్‌షాట్స్‌లో చూసి నిర్ధారించుకోండి.
- ట్రూనాస్: పూల్ పరికరాల పేజీలో పాత డ్రైవ్‌ను ఎంచుకుని "రీప్లేస్". ఇక్కడ రీబిల్డ్‌ను రీసిల్వర్ అంటారు.
- అన్‌రెయిడ్: డ్రైవ్‌ల సమూహాన్ని (దీన్నే అక్కడ "అర్రే" అంటారు) ఆపి, పాత డ్రైవ్ స్థానంలో కొత్తదాన్ని ఎంచుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త డ్రైవ్ పారిటీ డ్రైవ్ (పోయినదాన్ని తిరిగి కట్టే లెక్క ఉండే డ్రైవ్) కంటే పెద్దది కాకూడదు.

"డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది" అని హెచ్చరిక వస్తుంది. అది కొత్త డ్రైవ్ గురించే. అక్కడ చూపిస్తున్న నంబరు కొత్తదానిదేనని చూసుకుని ఒప్పుకోండి.

ఎంతసేపు? సెకనుకు సగటున 150 ఎంబీ అనుకుంటే 8 టీబీకి 80 లక్షల ఎంబీ భాగించు 150, అంటే సుమారు 53 వేల సెకన్లు, పదిహేను గంటలకు దగ్గర. 4 టీబీకి అందులో సగం. అదీ ఎవరూ నాస్‌ను వాడకపోతే. ఒకరు సినిమా చూస్తూ, కెమెరాలు రికార్డు చేస్తూ ఉంటే రెండింతలు, మూడింతలు అవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ డేటా ఉన్నంతవరకే కడుతుంది కాబట్టి సగం ఖాళీగా ఉన్న పూల్ త్వరగా అయిపోతుంది.

రీబిల్డ్ నడుస్తుండగా:

☐ నాస్ యూపీఎస్ మీద ఉందా?
☐ ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టారా? డ్రైవ్ వేడి 50 డిగ్రీలు దాటితే గాలి తగిలేలా చేయండి.
☐ టొరెంట్లు, ఫొటోల ఇండెక్సింగ్, రాత్రి బ్యాకప్ పనులు ఆపారా?
☐ మిగిలిన డ్రైవ్‌ల 197వ వరసను పూటకొకసారి చూస్తున్నారా?
☐ డ్రైవ్‌లు నిద్రపోయే సెట్టింగ్ ఆపారా?

మొదటి గంటలో 2 శాతమే అయిందని బెంగపడకండి. అంచనా సమయం మొదట్లో ఎటూ నిలవదు.

పూర్తయ్యాక స్థితి "హెల్తీ" అని మారుతుంది. అప్పుడు ఒక స్క్రబ్ నడిపి, తప్పులు సున్నా అని చూసి, నిద్ర సెట్టింగూ ఫ్యానూ మామూలుకు తెచ్చుకోండి.

## 10. స్థలం పెంచుకోవడానికి అన్నీ మార్చడం

వరస ఇదే, ఒక్కో డ్రైవ్‌కు మొదటినుంచీ: ఒకటి తీయి, పెట్టు, రీబిల్డ్, హెల్తీ వచ్చిందని చూడు, అప్పుడే రెండోది. నాలుగు డ్రైవ్‌లంటే నాలుగు సార్లు. వారం పడుతుంది. తొందరపడి "రెయిడ్ 6 కదా, రెండు ఒకేసారి మారుద్దాం" అనుకుంటే మిగిలిన భద్రతనంతా మీ చేత్తోనే తీసేసినట్టు.

స్థలం ఎప్పుడు పెరుగుతుంది? మామూలు రెయిడ్ 5లో అన్నింటికంటే చిన్న డ్రైవే లెక్క. 4 టీబీవి నాలుగుంటే 12 టీబీ వాడుకోవచ్చు. మూడింటిని 8 టీబీగా మార్చినా ఇంకా 12 మాత్రమే. నాలుగోది మారాక ఒక్కసారిగా 24 అవుతుంది.

ఎస్‌హెచ్‌ఆర్ కొంచెం ఉదారం. 4, 4, 4, 8 అయితే 12 టీబీయే. 4, 4, 8, 8 అయ్యాక 16 టీబీ. మొత్తంలోంచి అన్నింటికంటే పెద్ద డ్రైవ్ ఒకటి తీసేస్తే వచ్చేదే లెక్క.

అన్నీ అయ్యాక కూడా పాత సైజే చూపిస్తే కొత్త స్థలాన్ని కలుపుకోమని చెప్పాలి. పూల్‌ను, ఆపై వాల్యూమ్‌ను విస్తరించే బటన్ విడివిడిగా ఉండొచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఆటో ఎక్స్‌పాండ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. క్యూనాప్‌లో "డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి మార్చు" అనే అర్థంలో వేరే మెనూయే ఉంది, స్థలం కోసం మార్చేటప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టండి.

ఎస్‌ఎస్‌డీ కాష్ (వేగం కోసం డ్రైవ్‌ల ముందు పెట్టే ఎస్‌ఎస్‌డీ) వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. రీడ్-రైట్ కాష్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీని నేరుగా పీకకూడదు. ఇంకా డ్రైవ్‌లకు చేరని డేటా అందులో ఉంటుంది. ముందు సెట్టింగుల్లో కాష్ తొలగించి, రాయడం పూర్తయ్యాక తీయాలి.

## 11. తరచూ వచ్చే చిక్కులు

కొత్త డ్రైవ్ కనిపించడం లేదు. మళ్లీ తీసి గట్టిగా కూర్చోబెట్టండి. తిరుగుతున్న అదురు చేతికి తగులుతోందా? తగలకపోతే, ముఖ్యంగా అది యూఎస్‌బీ పెట్టెలోంచి విప్పిన డ్రైవ్ అయితే, 3.3 వోల్టుల పిన్ను సంగతి కావచ్చు. కొన్ని కొత్త డ్రైవ్‌లు ఆ పిన్నుకు కరెంటు అందితే ఆగిపోవాలనే నియమంతో వస్తాయి.

"సైజు సరిపోదు" అంటోంది. బైట్లలో పోల్చండి. లేదా ఆ డ్రైవ్‌లో పాత విభాగాలు మిగిలి ఉండొచ్చు. వేరే కంప్యూటర్‌లో ఖాళీ చేసి పెట్టండి.

రీబిల్డ్ మధ్యలో ఆగిపోయింది. లాగ్ చూడండి. ఆగింది కొత్త డ్రైవ్ వల్లా, మిగిలిన పాతవాటిలో ఒకటి చదవలేకపోవడం వల్లా? మొదటిదైతే కొత్తది వాపసు చేసి ఇంకోటి పెట్టండి. రెండోదైతే మళ్లీ మళ్లీ రీబిల్డ్ నొక్కకండి. చదవగలిగినంత డేటా వెంటనే బయటికి తీసి, పూల్ కొత్తగా కట్టుకోండి.

గంటకు ఒక్క శాతం కూడా కదలడం లేదు. కొత్తది ఎస్‌ఎంఆర్ ఏమో చూడండి. కాకపోతే మిగిలిన వాటిలో ఒకటి ఈడ్చుకుంటూ నడుస్తోందేమో. ఒక్కో డ్రైవ్ స్పందన సమయం పోల్చితే దొరికిపోతుంది. రీబిల్డ్ వేగానికి సెట్టింగుల్లో పరిమితి పెట్టి ఉండటం కూడా మామూలే.

తప్పు డ్రైవ్ పీకేశాను. బాక్స్ ఆపండి. తీసినది తీసిన అరలోనే పెట్టి ఆన్ చేయండి. రిపేర్ అనో రీఅసెంబుల్ అనో అడిగితే చదివి ఒప్పుకోండి, కొత్త పూల్ సృష్టించమంటే ఒప్పుకోకండి. అర్థం కాకపోతే అక్కడే ఆగి, తయారీదారు సహాయ కేంద్రానికి రాయండి.

## 12. పాత డ్రైవ్‌ను ఏం చేయాలి?

వెంటనే చెరిపేయకండి. రీబిల్డ్, ఆ తర్వాతి స్క్రబ్ రెండూ అయ్యేదాకా దాని మీద "తీసిన తేదీ, అర, కారణం" రాసి పక్కన పెట్టండి. స్థలం కోసం తీసిన మంచి డ్రైవ్‌లను నేను నెలరోజులు అలాగే ఉంచుతాను, ఒక్కోదాన్ని అది వచ్చిన అర నంబరుతో.

వారంటీ ఉందేమో చూడండి. సీరియల్ నంబరుతో తేదీ తెలుస్తుంది. వాపసు పంపే ముందు డేటా చెరపాలి. హార్డ్ డ్రైవ్‌కు మొత్తం సున్నాలు ఒకసారి రాస్తే చాలు, ఏడేసి సార్లు రాయనక్కర్లేదు. డ్రైవ్ స్పందించకపోతే చెరపడం కుదరదు. అందులో ఏముందో తలుచుకుని, వారంటీ సొమ్ము ముఖ్యమా డేటా ముఖ్యమా మీరే తేల్చుకోవాలి. నాస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు.

పారేయదలచుకుంటే పళ్లేలను చిల్లులు పొడిచి ఈ-వ్యర్థాలకు ఇవ్వండి. కొన్ని డ్రైవ్‌ల పళ్లేలు గాజువి, డ్రిల్ తగిలితే పెళుసుగా చిట్లుతాయి. మూత విప్పకుండా, కళ్లజోడు పెట్టుకుని, పైనుంచే పొడవండి.